లుబ్లియానాలో ఆగిన ఆ ఒక్క రాత్రి

ప్రశ్న: మాకు పెళ్ళై నాలుగేళ్ళు. మ్యూనిక్‌లో ఉంటాం, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. జూన్‌లో కారులో క్రొయేషియా వెళ్తూ, దారిలో స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో ఒక రాత్రి ఆగాం. సాయంత్రం 6కి చేరాం, పొద్దున్నే బయల్దేరాలి. ఏవేం చూడాలో నిమిషాలతో సహా రాసిపెట్టుకున్నాను: డ్రాగన్ వంతెన 15, మూడు వంతెనలు 10, ఇలా. కవి విగ్రహం దగ్గర తను 'ఆయన ఎవర్ని చూస్తున్నాడో చూడు' అంటే, టైమ్ లేదు పద అన్నాను. ఆ తర్వాత నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఇక లేవనంది. ఇంత డబ్బు పెట్టి కూర్చోడానికా వచ్చింది అని కోప్పడి, కోటకి ఒక్కడినే వెళ్ళి గంటన్నరకి వచ్చాను. పైనుంచి జూమ్ చేస్తే బెంచీ మీద తను కనిపించింది, ఫోటో తీశాను కానీ చూపించలేదు. ఇంటికొచ్చి మూడు వారాలైంది, ఊఁ, ఆఁ తప్ప మాటల్లేవు. సారీగా ఇంకో ట్రిప్ బుక్ చేద్దామనుకుంటున్నాను. అంత పెద్ద తప్పు ఏం చేశాను?

జవాబు: ట్రిప్ సంగతి తర్వాత, ముందు ఆ విగ్రహం దగ్గరికి వెళ్దాం.

ఆయన పేరు ఫ్రాన్సె ప్రెషెరెన్, స్లొవేనియా వాళ్ళకి మహాకవి. యూలియా అనే అమ్మాయిని ప్రేమించాడు, ఆమె ఈయన్ని ప్రేమించలేదు. 1849లో ఆయన పోయాడు. 1905లో పెట్టిన ఆ విగ్రహం చూపు కూడలికి అవతల ఒక ఇంటి గోడ మీదికి వెళ్తుంది, అక్కడ కిటికీలోంచి చూస్తున్నట్టు యూలియా బొమ్మ చెక్కారు. తెలియనివాళ్ళు తలెత్తి అటు చూడరు. మీ ఆవిడ చూశారంటే ముందే చదువుకుని వచ్చి ఉంటారు. మీకొక్కరికే లిస్టు ఉందనుకున్నారు, ఆవిడకీ ఉంది. బహుశా అందులో ఉన్నది ఆ ఒక్కటే, దాన్నే మీరు టైమ్ లేదు పద అని దాటించేశారు.

బెంచీ మీద కూర్చోవడం కూడా మీరనుకున్నంత వింత కాదు. దాదాపు 400 కిలోమీటర్ల ప్రయాణం, ఊరి నడిబొడ్డుకి కార్లు రానివ్వరు కాబట్టి ఎక్కడో పార్క్ చేసి పెట్టెలు లాక్కుంటూ నడక, ఆ వెంటనే డ్రాగన్ వంతెన 15 నిమిషాలు, మూడు వంతెనలు 10 నిమిషాలు... కాశీయాత్ర బస్సులో హారన్ కొట్టేలోపు దర్శనం చేసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు గుర్తొచ్చారు నాకు. జనాభా 3 లక్షలకి అటూఇటూ ఉన్న చిన్న రాజధాని అది. నది పక్కన కూర్చుంటే వంతెనలూ, వచ్చేపోయే జనమూ, తలెత్తితే కొండ మీద కోటా, ఊరే మన ముందుకి వస్తుంది. మీరు చెప్పిన ఆ మూడు వంతెనల్లో మధ్యది 1842 నాటిది, నడిచేవాళ్ళకి ఇరుకవుతోందని ప్లెచ్నిక్ అనే ఆర్కిటెక్ట్ 1930 ప్రాంతంలో అటొకటి ఇటొకటి కట్టించాడు. నడిచేవాళ్ళ కోసం అంత ఆలోచించిన ఊళ్ళో మీరు పరుగు పెట్టారు, సర్లెండి.

కోటకి ఒంటరిగా వెళ్ళడం తప్పని నేననను. 'నువ్వు కాసేపు కూర్చో, నేను చూసొస్తాను' అని వెళ్ళి ఉంటే ఆ రాత్రి ఇద్దరూ హాయిగా భోంచేసేవాళ్ళు. తేడా అంతా ఆ డబ్బు మాటలో ఉంది. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో 'ఇంత డబ్బు పెట్టి' అంటే ఎవరి డబ్బు అనే ప్రశ్న కూడా వస్తుంది, ఆవిడ అడగలేదంతే. ఇంటి దగ్గర శనివారాలు ఎలా గడుస్తాయో మీరు రాయలేదు కానీ ఊహించగలను. సరుకులు, బట్టలు ఉతకడం, అమ్మావాళ్ళకి వీడియో కాల్, అన్నిటికీ ఒక టైమ్. తను కూడా అందులో ఒక ఐటమ్ అయిపోయానని ఆవిడకి చాన్నాళ్ళుగా అనిపిస్తూ ఉంటే, లుబ్లియానాలో బయటపడి ఉండొచ్చు.

అలాగని తప్పంతా మీదే అనను. అలిసిపోయానని బయల్దేరేటప్పుడే చెప్పొచ్చు, మూడు వారాల మౌనం కూడా న్యాయం కాదు. కానీ ఉత్తరం రాసింది మీరు కాబట్టి మీరు చేయగలిగిందే చెప్తాను.

ఇంకో ట్రిప్ మాత్రం ఇప్పుడే బుక్ చేయకండి. దానికీ మీరే లిస్టు రాస్తారు, ఆవిడకది మళ్ళీ ఇంకో డ్యూటీలా ఉంటుంది. వచ్చే శనివారం ఏ పనీ పెట్టుకోకండి. ఆవిడ ఎప్పుడు లేస్తే అప్పుడు లేవనివ్వండి. కాఫీ మీరు పెట్టండి, ఇచ్చాక ఆ విగ్రహం ఎవర్ని చూస్తోందో చెప్పమని అడగండి. మీకిప్పుడు తెలుసు, అయినా ఆవిడ నోటితోనే వినండి, మధ్యలో 'నాకు తెలుసు' అనకండి. డబ్బు మాట అన్నందుకు సారీ చెప్పండి, సారీ వెనకాల 'కానీ' తగిలించకుండా. నెల గడిచినా ఇలాగే ఉంటే ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌తో మాట్లాడండి, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఆన్‌లైన్‌లో దొరుకుతారు.

ఇంకొకటి. కోట మీదికి ఒక్కరే వెళ్ళి, అంత ఊరు కింద కనిపిస్తుంటే, మీరు జూమ్ చేసి వెతికింది ఆవిడని. ఆ ఫోటో ఫోన్‌లో ఎందుకు దాచుకున్నారు? ఆ కాఫీ పూటే చూపించండి.