మిషన్ ట్రిప్ నుంచి తిరిగొచ్చాక ఇంట్లో, సంఘంలో ఇమడలేకపోతున్నాను, ఏం చేయాలి?

వందనాలు బ్రదర్. రెండు నెలలు ఆఫ్రికాలో పరిచర్య చేసి వచ్చి మూడు వారాలైందని, ఏ పని మీదా మనసు నిలవట్లేదని, సంఘంలో ఎవరిని చూసినా కోపం వస్తోందని, ఆదివారం సాక్ష్యం చెప్పమంటున్నారని, ఉద్యోగం మానేసి తిరిగి వెళ్లిపోవాలనుందని రాశారు. నాకూ అచ్చం ఇలాగే అయింది. నేను ఒంగోలులో ల్యాబ్ టెక్నీషియన్‌ని, మాది బాప్టిస్టు సంఘం. కొన్నేళ్ల కిందట ఒక వైద్య బృందంతో కెన్యాలోని కిటుయి ప్రాంతానికి వెళ్లి, పది వారాలు ఉండి, నవంబరు ఆఖర్లో తిరిగొచ్చాను.

మనసు సంగతి తర్వాత, ముందు ఒంటి సంగతి. మలేరియా రాకుండా రోజూ వేసుకునే మాత్రలు మీకూ ఇచ్చే ఉంటారు. అవి డాక్సీసైక్లిన్ అయితే అక్కణ్నుంచి వచ్చేశాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. నేను శంషాబాద్‌లో దిగిన రోజే మానేశాను, ఇంటికొచ్చేశాం కదా ఇంకెందుకులే అని. పన్నెండో రోజు చలిజ్వరం పట్టుకుంది. డాక్టరుగారు మొదట వైరల్ అన్నారు, మర్నాడు టైఫాయిడ్ పరీక్ష రాశారు. ఆయన్ని అని ఏం లాభం, కెన్యా నుంచి వచ్చానని నేను చెబితే కదా! మూడో రోజు రాత్రి ల్యాబ్‌కి వెళ్లి నా వేలు నేనే పొడుచుకుని స్లైడ్ వేసుకున్నాను. రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఎర్రకణాల్లో సన్నటి ఉంగరాలు. ఫాల్సిపారం, ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా. మూడు రోజుల మాత్రలతో తగ్గిపోయింది గానీ, ఆ రాత్రి పట్టిన చెమట జ్వరానిదో భయానిదో ఇప్పటికీ తెలీదు. అందుకే చెబుతున్నా, వచ్చిన కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా డాక్టరుకు ముందు చెప్పాల్సింది మీరు వెళ్లొచ్చిన దేశం పేరు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు కూడా పారేయకండి, అది జీవితాంతం చెల్లుతుంది.

ఇక కోపం. నేను వచ్చేసరికి మా దగ్గర సెమీ క్రిస్మస్ హడావిడి. యూత్ వాళ్లు స్టార్లకీ సీరియల్ లైట్లకీ చందాలు వసూలు చేస్తున్నారు. బిర్యానీకి ఎన్ని కిలోల బియ్యం పడతాయని కమిటీలో గంట నుంచి చర్చ. నేను లేచి, "అక్కడ ఆడవాళ్లు ఎండిపోయిన ఏట్లో ఇసుక తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుంటున్నారు. మీకు బిర్యానీ తప్ప ఇంకేం పట్టదా?" అనేసి బయటికొచ్చేశాను. నా వెనక ఎవరూ కిక్కురుమనలేదు. దాచుకోవడమెందుకు, ఆ క్షణంలో నా మీద నాకే చాలా గౌరవం కలిగింది.

ఇంటికెళ్లి ఆ ఫొటో మా నాయనమ్మకు చూపించాను. నడుము లోతు గుంట, పక్కన పసుపు ప్లాస్టిక్ డబ్బా, గుంటలోకి వంగిన ఒకావిడ. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరికీ దూరానికీ జరిపి చూసింది. "చెలమ కదరా ఇది! పాలేట్లో మేం తవ్వుకున్నదే. దీని ఫొటో కోసం అంత దూరం పోయావా?" అంది. మాది పాలేరు ఒడ్డు పల్లె. చిన్నప్పుడు ఎండాకాలంలో ఆ చెలమల్లో నేనూ నీళ్లు తోడాను. ఎలా మర్చిపోయానో! తర్వాత ఆవిడ మామూలుగానే ఇంకో మాట అడిగింది: "ఈ అమ్మాయి పేరేంటి?" నాకు తెలీదు. మూడుసార్లు ఆ ఏటికి వెళ్లాను, పేరు అడగలేదు.

మన సంఘాల చరిత్ర మీకు తెలిసిందే. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 1878 జులై 3న, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అది పెద్ద కరువు కాలం. ఆ పేరు విని విదేశాల నుంచి విజిటర్లు మా వైపు వస్తూనే ఉండేవాళ్లు. నా చిన్నప్పుడు మా పల్లెకూ వచ్చారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకుని, చాక్లెట్లు పంచి వెళ్లారు. ఆ ఫొటోలు ఎక్కడో ఒక చర్చిలో తెర మీద వేసే ఉంటారు, చూసినవాళ్లు జాలిపడే ఉంటారు. మా పేర్లు మాత్రం ఎవరూ రాసుకోలేదు. కిటుయిలో నేను చేసిందీ అదే పని.

అలాగని వెళ్లడమే తప్పంటానా? అనను. 1903లోనే మన తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు, అక్కడి చెరుకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల కోసం. ఆయన కుటుంబంతో వెళ్లి అక్కడే కాపురం పెట్టారు. మనది పది వారాల ముచ్చట. రెండిటినీ ఒక గాటన కట్టొద్దని మా సంఘపెద్ద ఒకాయన మెత్తగానే చెప్పారు. అప్పుడు గుచ్చుకుంది గానీ, నిజమే కదా.

నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఇంకొకటి ఉంది. నా బాధంతా అక్కడి పేదరికం చూసినందుకు కాదు. అక్కడ నేను పెద్దమనిషిని. చెట్టు కింద కుర్చీ నాకే వేసేవాళ్లు, కోడి కోస్తే మంచి ముక్క నా పళ్లెంలోనే పడేది, నేను నోరు తెరిస్తే అనువాదం చేయడానికి పక్కన ఒక మనిషి. నేను "బ్వానా అసిఫివే" (స్వాహిలీలో ప్రభువుకు స్తోత్రం) అనగానే వందమంది "ఆమెన్" అనేవాళ్లు. ఇక్కడికొస్తే కరెంటు బిల్లు కట్టావా అని అమ్మ అడుగుతుంది. స్వాహిలీలో ఒక సామెత ఉంది: అతిథి రెండు రోజులే, మూడో రోజు చేతికి పార ఇవ్వు. పది వారాలైనా మాకెవరూ పార ఇవ్వలేదు, కనీసం తిన్న పళ్లెం కూడా కడగనివ్వలేదు. మీకూ ఇలాగే జరిగిందేమో ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. నన్ను తిట్టుకున్నా పర్లేదు.

సాక్ష్యం గురించి. చెప్పండి, కానీ పది నిమిషాలు చాలు. ఒక్క మనిషి గురించి, పేరుతో సహా చెప్పండి. వాళ్లు మీకు నేర్పింది చెప్పండి. బక్కచిక్కిన పిల్లల ఫొటోలు తెర మీద వేయొద్దు. మా పాస్టర్‌గారు అవే వేయమన్నారు, "అప్పుడే కానుకలు బాగా వస్తాయి" అని. నేను వేయనన్నాను, ఆయన కొంచెం నొచ్చుకున్నారు. కమిటీ వాళ్లకు మాత్రం వెళ్లి సారీ చెప్పాను. వాళ్లేమీ అనలేదు, సెమీ క్రిస్మస్ రోజు తెడ్డు చేతికిచ్చి బిర్యానీ డేగిశా దగ్గర నిలబెట్టారు. పొగకు కళ్లు మండిపోయాయి గానీ, తిరిగొచ్చాక హాయిగా ఉన్న మొదటి రోజు అదే.

అక్కడివాళ్లకు మీరేం మాటలిచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. నా లెక్క పద్నాలుగు తేలింది, అందులో తొమ్మిది "మళ్లీ వస్తాను". నిలబెట్టుకోలేనివాటికి వాట్సాప్‌లో ఫోను చేసి క్షమించమని అడిగాను. డబ్బు అడుగుతూ మెసేజ్‌లు వస్తే నేరుగా పంపకుండా, అక్కడి సంఘపెద్దలతో మాట్లాడి వాళ్ల ద్వారానే పంపండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. కనీసం ఆరు నెలలు ఆగండి. ఈలోగా మీ ఊళ్లోనే, ఎవరూ ఫొటో తీయని పని ఏదైనా వారానికి ఒక పూట చేసి చూడండి. ఆరు నెలల తర్వాత కూడా వెళ్లాలనే ఉంటే, ఈసారి కొన్నేళ్లు ఉండేలా, ముందు అక్కడి భాష నేర్చుకుని వెళ్లండి. నేను వెళ్లలేదు. ఆ ఫొటోలో ఆవిడ పేరు మాత్రం అక్కడి పాస్టర్‌గారిని అడిగి కనుక్కున్నాను, నాయనమ్మకు చెప్పాను.

మీకిచ్చిన మాత్ర పేరేంటో, మానేసి ఉంటే ఎన్ని రోజులైందో ఇవాళే డాక్టరుకు చెప్పండి. సాక్ష్యం సంగతి ఆదివారం దాకా ఆగుతుంది.