మూడు లాట్లు సరిచేస్తే సరిపోదు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరు మిర్చి వ్యాపారి స్టాకు ఆడిట్‌కు ఈసారి నువ్వే పెద్దగా వెళ్తున్నావని, ఒక్కో రకం బస్తాల గుంపులైన లాట్లన్నీ విప్పించకుండా గణాంక పద్ధతిలో శాంపిల్ తీసి విలువ తేల్చబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. లెక్క నీకు నాకంటే బాగా వచ్చు. ఆ లెక్క చెప్పిన మాట మీద చివరిదాకా నిలబడడం గురించే నా భయమంతా.

స్టాకు జాబితా మొత్తం ఖాతా పుస్తకంతో సరిపోయాకే ఎంపిక మొదలుపెట్టు. కోల్డ్ స్టోరేజీల ధ్రువీకరణ పత్రాలు నేరుగా నీ చేతికే రావాలి. ఎంపికైన లాటు వెనక వరుసలో ఉందని ముందున్న లాటుతో సరిపెట్టుకోకు. లాటును కాక స్టాకు విలువలోని ప్రతి రూపాయినీ యూనిట్‌గా తీసుకుని ఎంచే పద్ధతిలో పెద్ద లాట్లు తప్పించుకోలేవు గాని, జాబితాకు ఎక్కనివి ఎప్పటికీ దొరకవు కనుక, గదిలో కంటపడిన కొన్ని టిక్కీల (మిర్చి బస్తాల) నుంచి జాబితా వైపు కూడా వెతుకు.

స్టాకు 15 కోట్లు, సహించదగిన తప్పు 75 లక్షలు అనుకుందాం. 95 శాతం విశ్వాస స్థాయికి గుణకం 3 కనుక, 75 లక్షలను దానితో భాగిస్తే అంతరం 25 లక్షలు; అంటే స్టాకు విలువలో ప్రతి 25 లక్షలకు ఒక ఎంపిక, శాంపిల్ 60 అవుతుంది. అయితే ఈ 60 ఒక్క తప్పూ దొరకదన్న ఊహ మీద నిలిచింది. చిన్నది ఒకటి దొరికినా, మొత్తం స్టాకులో ఉండగల తప్పు గరిష్ఠ హద్దు 75 లక్షలు దాటిపోతుంది. తేజ రకం మిర్చి లాటులో తాలు కాయలు (రంగు పోయిన నాసి కాయలు) కలవడం, నిల్వ సరుకు రంగు తగ్గడం మామూలైన ఈ వ్యాపారంలో ఆ ఊహ పెట్టుకోకు. కొంత తప్పును ముందే లెక్కలో వేసుకుని శాంపిల్ పెంచు.

నేను సీఏ శిక్షణగా ఆర్టికల్స్ చేసే రోజుల్లో మా సీనియర్ ఒకాయన ఇలాంటి స్టాకునే చూశారు. ఎంపిక సక్రమంగా చేశారు, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ప్రతి లాటూ విప్పించారు. మూడు లాట్లలో మేలు రకం ధర కట్టిన సరుకులో తాలు బయటపడింది. యజమాని ఎంతో మర్యాదస్తుడు. ఆ మూడింటి విలువా అప్పటికప్పుడే తగ్గిస్తానన్నాడు. మా సీనియర్ సరేనని సంతకం పెట్టారు. చూడని లాట్లలోనూ అదే తాలు ఉందని తరువాతి అమ్మకాల్లో తేలింది. ఆ స్టాకు మీద అప్పిచ్చిన బ్యాంకు వారికి ఆయన జవాబు చెప్పుకోలేక తలవంచుకు కూర్చోవడం నేను పక్కనుండి చూశాను. ఆయన బద్ధకస్తుడు కాదు, అవినీతిపరుడు అసలే కాదు. మూడు తప్పులూ ఆ మూడు లాట్లకే చెందినవని నమ్మారు, అంతే.

అవి చూడని లాట్ల తరఫున మాట్లాడుతున్నాయమ్మా. 5 లక్షలు రాసిన లాటు నిజానికి 4 లక్షలదైతే తప్పు 20 శాతం. 25 లక్షల అంతరానికి అది 5 లక్షలవుతుంది. అలాంటివి మూడుంటే దొరికింది 3 లక్షలే అయినా మొత్తం స్టాకులో అంచనా తప్పు 15 లక్షలు, దానిపైన శాంపిల్ వల్ల వచ్చే అనిశ్చితి వేరు. ఇది ఒంటరి తప్పు అని పక్కన పెట్టడానికి ఆడిట్ శాంపిల్ ప్రమాణం ఎస్‌ఏ 530 చాలా అరుదుగానే, అదీ అదనపు పరీక్షలు చేసి గట్టిగా రుజువైనప్పుడే ఒప్పుకుంటుంది. ఎదుటివారు నొచ్చుకుంటారేమోనని చిన్నప్పుడు నీ వాటా కూడా ఇచ్చేసేదానివి. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు. నీ మనసు మెత్తనిదని తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను తల్లీ.

ధర సంగతి వేరు. కొన్న ధర, ఖర్చులు పోను అమ్మితే చేతికి వచ్చే విలువ, ఈ రెండింటిలో తక్కువదే పుస్తకంలో ఉండాలి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి జోక్యం చేసుకోవలసి వచ్చినప్పటిలా మార్కెట్ పడిపోతే, ఆ దెబ్బ ప్రతి లాటుకూ తగులుతుంది. దానికి శాంపిల్ చాలదు. మార్చి 31 తరువాత యార్డులో జరిగిన అమ్మకాలతో రకాల వారీగా మొత్తం స్టాకును పోల్చు.

అంచనా తప్పు మొత్తం కాగితం మీద వేసి, కింద నీ సంతకం పెట్టిన తరువాతే యజమానితో మాట్లాడడానికి కూర్చో. ఆయన ఒత్తిడి చేస్తే ఏ వేళైనా సరే నాకు ఫోను చెయ్యి. కోల్డ్ స్టోరేజీలోకి స్వెట్టర్ లేకుండా వెళ్లకు.

ఇట్లు,
మీ పెదనాన్న