నిద్రపుచ్చే కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఎలుగుపిల్ల కథ అందింది. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని చదివినప్పుడు బాగానే ఉందనిపించింది. రాత్రి మనవరాలి పక్కన పడుకుని పైకి చదివాను. మూడో పేజీకే నాలుక మడతపడింది. "వెన్నెల వెలుగుల్లో తడిసి ముద్దయిన వనసీమలో విహరించి అలసిసొలసిన ఎలుగుపిల్ల" అనేసరికి ఊపిరి అయిపోయింది. నేను ఆగిన ఆ క్షణంలో "తాతా, వనసీమ అంటే?" అంది. అడివే అన్నాను. "మరి అడివి అని రాయచ్చుగా!" అంది. దానికి నాలుగేళ్లు. నాకు దొరికిన ఎడిటర్లలో ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

రాత్రిపూట పక్క మీద చదివే పుస్తకాన్ని చదివేది పిల్లలు కాదు. పొద్దుటినుంచి పనిచేసి ఒళ్లు హూనమై, కళ్లు మూతలు పడుతున్న అమ్మో నాన్నో చదువుతారు. నీ కథ పిల్ల చెవిలోకి వెళ్లాలంటే ముందు ఆ అలసిపోయిన నోట్లోంచి రావాలి. అదీ ఒక్క రాత్రి కాదు, వరసగా నలభై రాత్రులు. ఆ నోటికి సుఖంగా ఉందా లేదా అన్నది చూసుకో. తక్కినవన్నీ తర్వాతే.

పిల్లలు మళ్లీ అదే పుస్తకం ఎందుకు అడుగుతారని నువ్వు ఉత్తరంలో వాపోయావు. అడగనీ. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో మూడేళ్ల పిల్లలమీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ చదివారు, కొందరికి వేరువేరు కథలు చదివారు. కొత్త మాటలు రెండు గుంపులకీ అన్నేసిసార్లే వినిపించాయి. అయినా అవే కథలు విన్న పిల్లలకే ఆ మాటలు బాగా పట్టుబడ్డాయి. సరే, ప్రయోగం సంగతి అలా ఉంచు. తర్వాతేం వస్తుందో తెలిసిన కథ వింటుంటే పిల్లకి ధీమాగా ఉంటుంది. చీకట్లోకి జారబోయే ముందు కావలసింది ఆ ధీమానే. నిద్రొచ్చి నేను రెండు పేజీలు కలిపి తిప్పేస్తే మా పిల్ల కళ్లు తెరవకుండానే "ఒకటి మింగేశావు" అంటుంది.

నలభైసార్లు వినే కథ కాబట్టి, మొదటిసారి కనపడనిది ఏదో ఒకటి అందులో దాగి ఉండాలి. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన 'గుడ్‌నైట్ మూన్' తెప్పించుకుని చూడు. 1947 నాటిది. మొత్తం సుమారు 130 మాటలు. పడుకున్న కుందేలుపిల్ల గదిలో ఉన్నవాటికి ఒక్కొక్కదానికే శుభరాత్రి చెబుతుంది, అంతే కథ. ఇక క్లెమెంట్ హర్డ్ వేసిన బొమ్మలు చూడు. పేజీ పేజీకీ గది కొంచెం కొంచెం చీకటవుతుంది. గడియారం ఏడు గంటల దగ్గర మొదలై ఎనిమిదీ పదికి చేరుతుంది. రంగుల్లో ఉన్న ప్రతి గది బొమ్మలోనూ ఒక చిట్టెలుక చోటు మారుస్తూ ఉంటుంది. అది చోటు మారుతోందని కథలో ఎక్కడా చెప్పరు. పిల్లలే వెతుక్కుంటారు. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం ఈ పుస్తకాన్ని 1972 దాకా కొననేలేదట! పెద్దవాళ్లకి చప్పగా తోచినంతమాత్రాన నువ్వు బెంగపడకు.

నీ కథలో బొమ్మకి పనే మిగల్చలేదు. "ఎర్ర టోపీ పెట్టుకున్న ఎలుగుపిల్ల" అని ఎందుకు? టోపీ బొమ్మలో కనిపిస్తుంది. కొట్టెయ్. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు, అంటే పదహారేసి పేజీలు ఒక్క కాగితం మీద అచ్చేసి మడిచే ఫారాలు రెండు. పుస్తకం పేరూ వివరాలూ ఉండే ముందు పేజీలు పోగా నీకు మిగిలేది పదమూడు, పద్నాలుగు ఎదురెదురు పేజీల జతలు. నువ్వు పంపినవి 1,800 మాటలు. సగం తీసేసినా ఇంకా ఎక్కువే.

పేజీ తిప్పడం గురించి ఎవరూ నీకు చెప్పినట్టు లేదు. నువ్వు రాశావు: "ఎలుగుపిల్ల గుహలోకి తొంగి చూసింది. లోపల ఒక మిణుగురు ఉంది." రెండూ ఒకే పేజీలో. మన భాషకి 'తే' అనే ఒక్క అక్షరం ఉంది, దాన్ని వాడుకో. "ఎలుగుపిల్ల గుహలోకి తొంగి చూస్తే..." అక్కడ పేజీ అయిపోవాలి. చదివేవాళ్ల గొంతు దానంతటదే పైన నిలబడిపోతుంది. పిల్ల చెయ్యి పేజీ మూల దగ్గరికి వచ్చేస్తుంది. అయితే ప్రతి పేజీ చివరా ఈ 'తే' పెట్టావంటే అదే విసుగు. కథకి రెండు చాలు.

చప్పుళ్ల సంగతి. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక నిద్ర కథ రాశాను. అడివి జంతువులన్నీ ఊరేగింపుగా వచ్చి ఆఖరి పేజీలో డప్పు కొడతాయి. డబడబ డబడబ అని ఒక పేజీ నిండా. అచ్చయిందన్న గర్వంతో మా వాడికి రాత్రి చదివి వినిపించాను. దాదాపు నిద్రలో ఉన్నవాడు మంచం మీద లేచి నిలబడి, తలగడని డప్పు చేసి వాయించడం మొదలెట్టాడు. పడుకునేసరికి పదకొండు. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. నువ్వు కూడా పన్నెండో పేజీలో "ఢామ్మని" ఉరుము ఉరిమించావు. దాన్ని నాలుగో పేజీకి జరుపు. గబగబ, టకటక, ధనధన లాంటివన్నీ ముందు సగంలోనే ఖర్చు పెట్టేసెయ్. చివరికి మెల్లమెల్లగా, సన్నసన్నగా లాంటివి మిగలాలి. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ఆగుతాయి కాబట్టి సాగదీయడానికి వీలుంటుంది. "నడిచిందీ... నడిచిందీ... నడిచింది." మూడోసారి దీర్ఘం పోయింది చూశావా, అక్కడ చదివేవాళ్ల గొంతు దిగుతుంది. వాక్యాలు కూడా పోనుపోను పొట్టివి కావాలి.

ముగింపు గురించి కోపంగానే చెబుతున్నాను. తండ్రి ఎలుగు వచ్చి "పెందలాడే పడుకుంటేనే మంచి పిల్లలు" అంటుంది. ఆ పేజీ చించెయ్. పిల్ల అప్పటికే పడుకునే ఉంది, ఇంకా పాఠం ఎవరికి? మారిస్ సెండాక్ 1963లో తెచ్చిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' చూడు. అల్లరి చేసినందుకు అన్నం పెట్టకుండా గదిలోకి పంపేసిన పిల్లాడు, వింత మృగాల దీవికి పోయి రాజై తిరిగొస్తాడు. ఎవరూ తిట్టరు, ఎవరూ బుద్ధి చెప్పరు. గదిలో అన్నం పెట్టి ఉంటుంది. అది ఇంకా వేడిగానే ఉందన్న మాట ఒక్కటే ఆఖరి పేజీలో ఉంటుంది. ఆ పేజీలో బొమ్మ కూడా లేదు.

నీ కథలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ఎలుగుపిల్ల అమ్మని తట్టిలేపి "అమ్మా, నువ్వు నిద్రపోయావా?" అని అడగడం. అక్కడ మా పిల్ల పకపకా నవ్వింది, వెంటనే నన్నూ అదే అడిగింది. నిన్న రాత్రి మళ్లీ నీ కథే కావాలంది. కాకపోతే ఆరో పేజీనుంచి చదవమంది, అమ్మని లేపే దగ్గర్నుంచి. ముందున్న అయిదు పేజీలూ దానికి అక్కర్లేదట.

తిరగరాశాక పంపు. ఈసారి కుర్చీలో కూర్చుని చదవను, తిన్నగా పక్క మీదికే తీసుకెళతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు