హోటల్ సర్వీసు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బిర్యానీ ముప్పావు వంతు తినేసి, "మసాలా లేదు, బిల్లు కట్టను" అంటున్నారు. ఆదివారం వస్తే ఈ గొడవ తప్పడం లేదు.
– సర్వర్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఈ గొడవ చాలాసార్లు హండీ దగ్గరే మొదలవుతుంది. దమ్ బిర్యానీలో మాంసం, మసాలా అడుగున, తెల్లన్నం పైన ఉంటాయి. గరిటె పైపైన తిప్పి ప్లేట్లు నింపితే ముందు వచ్చినవాళ్లకు తెల్లన్నం, చివర వచ్చినవాళ్లకు నూనె ముద్ద మిగులుతాయి. గరిటె హండీ అంచు వెంట అడుగు దాకా నిలువుగా దిగాలి. అలా తీసేది మీరు కాకపోయినా, ప్లేటు చేతికి రాగానే చూసుకునే బాధ్యత మీదే. తెల్లగా కనిపిస్తే అక్కడే మార్పించండి. టేబుల్ దాకా వెళ్లాక మార్చడం కష్టం.

వడ్డించిన రెండు నిమిషాలకు, అంటే రెండు మూడు ముద్దలు తిన్నాక, మళ్లీ వెళ్లండి. "అంతా బాగుందా సార్?" అంటే తల ఊపేస్తారు. "మసాలా సరిపోయిందా, ఇంకొంచెం తెమ్మంటారా?" అని అడిగితే మనసులో మాట బయటికొస్తుంది. సాలన్, పెరుగు చట్నీ అడక్కముందే ఇంకోసారి వేయండి.

ఇంత చేసినా చివర్లో పేచీ పెడితే వాదించకండి. తగ్గిస్తామన్న మాట మీ నోటి నుంచి రాకూడదు, ఆ అధికారం సర్వర్ల పైన ఉండే కెప్టెన్‌ది. ప్లేటు మాత్రం తీయకుండా ఆయన్ని పిలవండి. తీసేస్తే ఎంత తిన్నారో చూపించడానికి ఏమీ మిగలదు. ఎప్పుడు వడ్డించారో, మధ్యలో అడిగితే ఏమన్నారో కెప్టెన్‌కు పక్కకు పిలిచి చెప్పండి, కస్టమర్ ఎదురుగా కాదు.

వెంట్రుకో, పురుగో, వెజ్ ప్లేటులో మాంసం ముక్కో కనిపిస్తే మాత్రం పద్ధతి వేరు. ప్లేటు వెంటనే వెనక్కి వెళ్లాలి, ఆ ఐటం బిల్లులోంచి పోవాలి. ముక్క ఏరేసి అదే ప్లేటు మళ్లీ తెచ్చిపెట్టడం క్షమించరాని పని. ఎదుటివాడు గొంతు పెంచాడని మన తప్పు మాసిపోదు.

ప్రశ్న: చిటికెలు వేస్తారు, "ఏయ్" అని పిలుస్తారు. బూతులు తిట్టేవాళ్లూ ఉన్నారు. ఎంతవరకు ఓర్చుకోవాలి?
– స్టీవార్డ్, విజయవాడ

జవాబు: చిటికెకు, బూతుకు ఒకే మందు పనిచేయదు. తనను ఎవరూ పట్టించుకోవడం లేదన్న కంగారులో చిటికె వేసేవాళ్లే ఎక్కువ. కూర్చున్న నిమిషంలోపు మంచినీళ్లు, మెనూ పెట్టండి. చేతిలో వేరే ఆర్డర్ ఉంటే కళ్లు కలిపి "ఈ టేబుల్ అవగానే మీ దగ్గరికే వస్తున్నా సార్" అనండి. ఆర్డర్ తీసుకునేటప్పుడు మీ పేరు చెబితే, రెండోసారి పేరుతో పిలిచేవాళ్లు బాగానే ఉంటారు.

బూతు ఉద్యోగంలో భాగం కాదు. ఒక్క మాట పడగానే ఆ టేబుల్ వదిలి కెప్టెన్‌కు అప్పగించండి. ఆ పూటకు మీరు మళ్లీ అటు వెళ్లకూడదు. ఎస్సీ, ఎస్టీ వర్గాలకు చెందిన సర్వర్‌ను ఆ వర్గాలకు చెందనివాళ్లు నలుగురిలో కులం పేరుతో దూషిస్తే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. యజమానికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ప్రశ్న: బిల్లు ఇస్తుంటే చేయి పట్టుకుంటున్నారు, ఫోన్ నంబరు అడుగుతున్నారు. ఓనర్ గారు "కస్టమర్ కదమ్మా, సర్దుకో" అంటున్నారు.
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: సర్దుకోవద్దమ్మా. పని చేసేచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం బయటి నుంచి వచ్చే కస్టమర్‌కూ వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా తక్కువమంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి, మూడు నెలల్లోపు, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. సీసీటీవీ రికార్డింగు మీద కొద్దిరోజుల్లోనే కొత్తది పడిపోతుంది కాబట్టి ఆ రోజే దాచమని అడగండి. అప్పటికప్పుడు చేయాల్సింది: ఒక అడుగు వెనక్కి వేసి, పక్క టేబుల్‌కు వినబడేలా "చేయి వదలండి" అనండి. ఆగకపోతే 112కు ఫోన్ చేయండి. బిల్లు ఫోల్డర్ చేతికి ఇవ్వకుండా టేబుల్ అంచున పెట్టే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఒక గుంపు బిల్లు కట్టకుండా వెళ్లిపోయింది. ఆ మొత్తం నా జీతంలో కోశారు. ఇది సరైనదేనా?
– సర్వర్, వరంగల్

జవాబు: మీ నిర్లక్ష్యం వల్లే నష్టం వచ్చిందని తేలితే తప్ప, అదీ మీ సంజాయిషీ విన్నాకే తప్ప, నష్టాన్ని జీతంలోంచి కోయడానికి వేతనాల చట్టం ఒప్పుకోదు. సంజాయిషీ అడిగారా? అడగకపోతే కోత తప్పు. లేబర్ ఆఫీసులో రాసివ్వండి.

ఇకముందు పెద్ద గుంపు వస్తే బిల్లు ఒకటా, వేరువేరా అని ఆర్డర్ తీసుకునేటప్పుడే అడిగి కేఓటీ (వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీ) మీద రాసుకోండి. సోంపుతో పాటే బిల్లు పెట్టండి. ఫోన్ పే చేశామని స్క్రీన్ చూపిస్తే నమ్మకండి, నకిలీ స్క్రీన్లు చూపించేవాళ్లు ఉన్నారు. కౌంటర్‌లో సౌండ్ బాక్స్ మోగాలి, లేదా క్యాషియర్ తన ఫోన్‌లో చూసి సరే అనాలి. పొగతాగడానికంటూ ఒక్కొక్కరే లేస్తుంటే వెంటనే క్యాషియర్ చెవిన వేయండి.

ప్రశ్న: సర్వీస్ ఛార్జి చూసి కస్టమర్లు మా మీద కేకలేస్తున్నారు.
– సర్వర్, గచ్చిబౌలి

జవాబు: ఇక్కడ న్యాయం కస్టమర్ వైపే ఉంది. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వద్దన్నవాళ్లతో ఒక్క మాట కూడా వాదించకుండా "తీయించి తెస్తాను సార్" అని కొత్త బిల్లు తెండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు వెళ్తే చిక్కు హోటల్‌కే. అయితే జీఎస్టీ వేరు. మామూలు రెస్టారెంట్లలో వేసే 5 శాతం ప్రభుత్వానికి వెళ్లే పన్ను, దాన్ని తీయడం మీ చేతిలోనూ, కెప్టెన్ చేతిలోనూ లేదు. బిల్లు మీద రెండు లైన్లూ వేలుపెట్టి విడివిడిగా చూపించండి.