మా ఊరి దిబ్బకి కంచె ఎందుకు లేదు?

ప్రశ్న: మేడమ్, మాది ఆమదాలవలస పక్క పల్లె. మా దిబ్బలో మూరెడు పొడవు పాత ఇటుకలు, నలుపు ఎరుపు కుండపెంకులు బయటపడతన్నాయి, ట్రాక్టర్లు మట్టి తోలుకుపోతన్నాయి. బౌద్ధ స్తూపాలున్న శాలిహుండాన్ని కాపాడుతున్నారు కదా, మాదెందుకు పట్టించుకోరు?

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. శాలిహుండంలో వంశధార ఒడ్డున కొండ మీద స్తూపాలు కళ్ళకి కనబడతాయి, చూడగానే విలువ తెలుస్తుంది, దిబ్బలో అంతా లోపలే ఉంటుంది. పాత కట్టడాల, పురావస్తు స్థలాల రక్షణకి చేసిన 1958 చట్టం ప్రకారం వందేళ్లు దాటి, జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటిని కేంద్రం తన రక్షణలోకి తీసుకుంటుంది, ఆ జాబితాకెక్కితే చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, మిగతావాటికి రాష్ట్రానిది 1960 చట్టం ఉంది. నన్నడిగితే డబ్బు ముందు ఇవ్వాల్సింది టూరిస్టులొచ్చే చోటికి కాదు, వచ్చే ఏడాదికి మిగలదేమో అనిపించే చోటికి, ఎందుకంటే గుడిలో రాయి పడిపోతే మళ్ళీ నిలబెట్టుకోవచ్చు గానీ దిబ్బలో మట్టి పొరలు కలిసిపోయాయంటే ఏ పెంకు ఏ కాలందో ఇంక ఎవరూ చెప్పలేరు. ఇటుక పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి, సర్వే నంబరు రాసి కలెక్టరు గారికీ, రాష్ట్ర పురావస్తు శాఖకీ అర్జీ పెట్టండి. పెంకులు మాత్రం ఏరి ఇంటికి తేవద్దు, ఉన్నచోటే ఉండనివ్వండి.