చివరి బెంచీలో అరగంట

అమ్మా, ఆశీస్సులు.

మీ ఎం.ఏ. సైకాలజీ పిల్లలంతా క్లినికల్ అనో, హెచ్.ఆర్. అనో అంటున్నారని, పిల్లలు ఎలా నేర్చుకుంటారో చూసే ఎడ్యుకేషనల్ సైకాలజీ బీఈడీ వాళ్లదనుకుంటున్నారని, వాళ్లని ఇటు ఎలా తిప్పాలని రాశావు. తప్పు వాళ్లది కాదు. పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి పియాజే చెప్పిన దశలు బట్టీ పట్టించి ఇదే సబ్జెక్టు అని వదిలేసింది మనమే.

సెమినార్ పెట్టొద్దు. నలుగురిని వెంటబెట్టుకుని నగరి వైపు బస్సెక్కు. ఏదైనా బడిలో చివరి బెంచీ పిల్లల పక్కన ఒక్కొక్కరినీ అరగంట కూర్చోబెట్టు.

అలా కూర్చున్నప్పుడే నాకూ కళ్లు తెరుచుకున్నాయి. నాలుగో తరగతి పిల్లాడు, వాచకంలో 'పలక' అన్న మాట మీద వేలు పెట్టి ఆగిపోయాడు. 'ష' అన్నాడు. నా మొహం చూసి 'స' అన్నాడు. వేలి కింద కాగితం చెమటకి తడిసింది. ఇంట్లో తమిళం, అందుకే తెలుగు రాదన్నారు టీచరు. అదే పాఠం నేను చదివి వినిపించి ప్రశ్నలు అడిగితే అన్నిటికీ తెలుగులోనే జవాబు చెప్పాడు! చిక్కు భాషలో లేదు, అక్షరం దగ్గర ఉంది. అలాగని వెంటనే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో వచ్చే ఇబ్బంది, అని ముద్ర వేయకూడదు. కంటిచూపు, వినికిడి, బడి మానేసిన రోజులు, అన్నీ చూడాలి. ఈ వెతుకులాట రుచి తగిలితే మన పిల్లలు వదలరు.

మొదటి తెలివితేటల పరీక్ష బడి కోసమే పుట్టిందని కూడా చెప్పు. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అనే మనస్తత్వవేత్తలు కలిసి దాన్ని తయారుచేసింది క్లాసులో వెనకబడే పిల్లలకి సాయం అందించడానికే.

ఉద్యోగాలేవని అడుగుతారు, దాచకు. బడికొక సైకాలజిస్టు ఉండే రోజు ఇంకా రాలేదు. కానీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులనీ గుర్తించింది, వాటిని కనిపెట్టే మనిషి కావాలి. ప్రైవేటు స్కూళ్లు కౌన్సెలర్లని తీసుకుంటున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా సంగతి అందరికీ చెప్పు. జీతం దగ్గర మాత్రం ఆశలు పెంచొద్దు, ఆ తర్వాత నిన్ను నమ్మరు.

తిరిగొచ్చాక రిపోర్టు రాయమనకు. బస్సులోనే ఏం చూశారో మాట్లాడుకోనివ్వు. "మళ్లీ ఎప్పుడు వెళ్దాం మేడమ్" అని ఎవరడిగితే వాళ్లనే రెండోసారి తీసుకెళ్లు, ఒక్కరే అయినా సరే.

దసరా సెలవులకి ముందే వెళ్లండి. హెడ్మాస్టరుకి వారం ముందు ఫోన్ చెయ్యి. కావాలంటే నేనూ వస్తాను.