పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్‌లో ఉన్న వీడియోలు టీవీలో చూడాలంటే ఏం కొనుక్కోవాలి?

"టీవీకి యూఎస్‌బీ ఉంది, అయినా కొన్ని ఫైళ్లు ఆడట్లేదు, నాన్నగారి కోసం ఐదు వేల లోపు ఏదైనా చెప్పండి" అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పేస్తాను. గూగుల్ సర్టిఫికెట్ ఉండి, మామూలు యూఎస్‌బీ పోర్టు ఉన్న ఆండ్రాయిడ్ టీవీ బాక్సు (టీవీకి తగిలించే చిన్న పెట్టె) కొని, అందులో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేసివ్వండి. ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ప్రశ్న చూడగానే నాకు మా మామ్మ సహస్ర చంద్ర దర్శనం రోజు సాయంత్రం గుర్తొచ్చింది. అది చెప్పకుండా ఉండలేను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. పొద్దున హోమం, మధ్యాహ్నం భోజనాలు అయ్యాయి. ఊళ్లో వాళ్లు వెళ్లిపోయాక మా వాళ్లే ఓ ముప్పై మంది మిగిలాం. ఆ రోజు కోసం నేనొకటి దాచి పెట్టుకున్నాను. 1992లో మా అత్తయ్య పెళ్లి వీడియో. తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఫొటోలు నాలుగైదు ఉన్నాయి కానీ, కదులుతూ మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. అది బీరువా మీద రేకు పెట్టెలో బూజు పట్టి ఉంటే, ఓ స్టూడియోలో ఇచ్చి శుభ్రం చేయించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. మెరూన్ వెల్వెట్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. దాని మీద బంగారు రంగు స్టిక్కరు, "ఫుల్ హెచ్‌డీ, డీటీఎస్" అని.

బాబాయి ముందటి సంక్రాంతికే 55 అంగుళాల కొత్త టీవీ కొన్నాడు. గోడకి బిగించేశారు. యూఎస్‌బీ పోర్టేమో వెనక వైపు. ఈ టీవీలు డిజైన్ చేసేవాళ్లకి చేతులుండవా అని నా అనుమానం. గోడకీ టీవీకీ మధ్య వేళ్లు దూర్చి తడుముతుంటే ఓ బల్లి నా చెయ్యి మీదుగా పారిపోయింది. మొత్తానికి పెన్‌డ్రైవ్ దూరింది, ఫైలు కనిపించింది, నొక్కాను.

బొమ్మ వచ్చింది. ఆ కాలం పెళ్లి వీడియోలు మీకు తెలుసుగా. ముందు గులాబీ పువ్వు గిర్రున తిరిగి, అందులోంచి అత్తయ్య ఫొటో, గుండె బొమ్మలోంచి మామయ్య ఫొటో. తర్వాత పందిరి. పందిరి గుంజ పక్కన పంచె, భుజం మీద కండువాతో తాతయ్య. నేరుగా కెమెరా వంక చూస్తూ చెయ్యెత్తి ఏదో అంటున్నారు. నోరు కదులుతోంది. మాట లేదు.

"వాల్యూమ్ పెంచరా" అన్నారు అందరూ. పెంచాను. యాభై, డెబ్బై, వంద. ఊహూ. మామ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, "ఏంట్రా, ఆయన మాట రావట్లేదా? నాకే వినపడట్లేదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈలోగా బాబాయి కొడుకు "నేను చూస్తా అన్నయ్యా" అంటూ రిమోట్ లాక్కుని ఏదో నొక్కాడు. టీవీ సెట్‌టాప్ బాక్సు మీదికి మారిపోయి, వంద వాల్యూమ్‌లో బంగారం తాకట్టు రుణాల ప్రకటన మోగింది. ఉయ్యాల్లో పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. వీధిలో కుక్కలు అందుకున్నాయి.

రెండోసారి ఫైలు నొక్కినప్పుడు చూశాను. తెర కింద మూల, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఈ ఆడియో ఫార్మాట్ ఈ టీవీలో పని చేయదు అని రెండు సెకన్లు వచ్చి పోయింది. పెళ్లికి వచ్చి వధూవరులకి కనపడకుండా వెళ్లిపోయే చుట్టంలా.

అసలు సంగతేమిటంటే, ఫైలు పేరు చివర ఎంకేవీ అనో ఎంపీ4 అనో ఉండేది డబ్బా పేరు మాత్రమే. డబ్బాలో బొమ్మ ఒక రకంగా, మాట ఒక రకంగా సర్ది ఉంటాయి. టీవీకి ఆ రెండూ తెలిసుండాలి. మా ఫైల్లో బొమ్మ సర్దింది మామూలు హెచ్.264 అనే పద్ధతిలో. 2003 నుంచీ ఉన్నది, ఈ కాలం టీవీలు దాదాపు అన్నీ ఆడిస్తాయి. మాట మాత్రం డీటీఎస్ అనే పద్ధతిలో. డీటీఎస్‌కి టీవీ కంపెనీ లైసెన్సు కట్టాలి. ఓ పెద్ద కంపెనీ 2018 మోడళ్ల నుంచి, ఇంకొకటి 2020 నుంచి దాన్ని టీవీల్లోంచి తీసేశాయి. అంటే అరవై వేలు పోసి కొన్న కొత్త టీవీలో రాని శబ్దం, అత్తయ్య వాళ్లింట్లో ఉన్న పాత టీవీలో శుభ్రంగా వచ్చింది. తర్వాత చూసి మరీ చెబుతున్నాను.

ఇక ఆ స్టూడియో అతని తెలివి చూడండి. మా వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో ఉన్నది ఒకే ఒక్క ట్రాకు శబ్దం. దాన్ని ఆరు స్పీకర్లకి పంచి డీటీఎస్ చేశాడు. ఎందుకయ్యా అంటే, మన ఊళ్లలో వాల్‌పోస్టర్ మీద "ఏసీ, డీటీఎస్" అని ఉంటేనే హాలుకి వెళ్లిన కాలం ఒకటుంది. ఆ మాటకి ఇంకా గిరాకీ ఉంది. ఫుల్ హెచ్‌డీ సంగతీ అంతే. ఆ క్యాసెట్‌లో నిలువుగా 576 వరుసలు, అడ్డంగా చూస్తే దాదాపు 240 గీతల వివరమే ఉంటుంది. దాన్ని సాగదీసి 1080 వరుసలు చేశాడు. గ్లాసుడు పాలు బిందెడు నీళ్లలో పోసి బిందెడు పాలంటే ఎలా?

సరే, ఆ సాయంత్రానికి వద్దాం. నా ల్యాప్‌టాప్ తెచ్చి, సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి దానికి పెట్టాను. కేబుల్ మీటరే ఉంది. కుర్చీ మీద పీట, పీట మీద ల్యాప్‌టాప్ పెట్టి, అది జారకుండా బాబాయి రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. వీఎల్‌సీలో తెరిచాను. గులాబీ తిరిగింది, సన్నాయి మోగింది, పందిరి వచ్చింది, తాతయ్య చెయ్యెత్తారు.

"ఓరి నీ దుంప తెగ, ఆ లైటు నా కళ్లల్లో కొట్టకురా! పెళ్లికొడుకు మీద వెయ్యి!"

అంతే. ఆ రెండున్నర గంటల వీడియోలో ఆయన మాట అదొక్కటే. ఇల్లంతా ఘొల్లుమంది. మామ్మ నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇంట్లోనూ ఇదే గోల, లాంతరు ఇటు పెడితే కళ్లల్లో కొడుతోందనేవారు, అటు పెడితే పేపరు కనపడట్లేదనేవారు" అంది. మళ్లీ పెట్టమంది. ఆరేడుసార్లు పెట్టాం. బాబాయి చేతులు లాగేశాయి.

ప్రతిసారీ పీట, కుర్చీ, బాబాయి కుదరవు కాబట్టి తర్వాతి వారమే మామ్మ కోసం బాక్సు వెతికాను. అప్పుడు తెలిసినవి చెబుతాను.

టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులో నేరుగా దూర్చే స్టిక్కుల జోలికి నేను పోలేదు. ఓటీటీ చూసుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ పెన్‌డ్రైవ్ పెట్టడానికి వాటికి సరైన చోటుండదు. ఉన్న చిన్న పోర్టు కరెంటుకి పోతుంది. చిన్న పోర్టుకి పెన్‌డ్రైవ్ తగిలించే ఓటీజీ కేబులని, ఒక పోర్టుని నాలుగు చేసే హబ్బని తోకలు కట్టాలి. మీ నాన్నగారు ఆ తోకలు చూసి మొదటి రోజే మూల పడేస్తారు. యాపిల్ టీవీ 4కేకి అసలు యూఎస్‌బీ పోర్టే లేదు. మీ బడ్జెట్‌కి అది అందదు కూడా.

రెండోది, ఆన్‌లైన్‌లో రెండు వేలకే దొరికే పేరూ ఊరూ లేని "8కే" బాక్సులు. దయచేసి కొనకండి. అవి 8కే ఆడవు సరికదా, వాటిలో కొన్నింటిలో ఫ్యాక్టరీలోనే దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపుతున్నారని పరిశోధకులు బయటపెట్టారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి వాటి గురించి జనాన్ని హెచ్చరించింది కూడా. ఇదే జాతిలో ఇంకొకటి, ఐదొందలకే 2 టీబీ పెన్‌డ్రైవ్. అందులో వేసిన వీడియోలు సగం నుంచి ఆడవు. ఎందుకంటే అందులో ఉన్న చోటు అంత కాదు, 2 టీబీ అని అబద్ధం చెబుతుందంతే.

నేను తీసుకున్నది ఎంఐ బాక్స్ 4కే. 2020లో మన దగ్గర 3,499కి వచ్చింది. వెనక ఒక యూఎస్‌బీ 2.0 పోర్టుంది, నాకు అది చాలు. ఇప్పుడు మీరు వెతికేటప్పుడు అదే ఉండాలని లేదు. ప్లేస్టోర్ సక్రమంగా ఉండాలి, మామూలు యూఎస్‌బీ ఉండాలి, పెట్టె మీద హెచ్.265 (హెచ్.264 తర్వాత వచ్చిన బొమ్మ పద్ధతి) అని ఉండాలి. చివరిది ఎందుకంటే ఐఫోన్లు 2017 నుంచి వీడియోలు ఆ పద్ధతిలోనే తీస్తున్నాయి. డాలస్‌లో ఉన్న మా చెల్లి పంపే పిల్లల వీడియోలన్నీ అవే.

బాక్సు రాగానే అంతా సుఖం అనుకోకండి. మొదటి రోజు నాకు అందులోనూ శబ్దం రాలేదు! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తప్పు నాదే. ఎవరో యూట్యూబ్‌లో "బెస్ట్ క్వాలిటీ కావాలంటే పాస్‌త్రూ ఆన్ చేయండి" అంటే చేశాను. పాస్‌త్రూ అంటే బాక్సు ఆ డీటీఎస్‌ని విప్పకుండా కట్టిన మూటలా టీవీకి అప్పగించేస్తుంది. టీవీకి విప్పడం రాదన్నదే కదా మన గొడవ. ఆఫ్ చేస్తే వీఎల్‌సీయే విప్పి మామూలు శబ్దంగా పంపుతుంది. కోడి అనే యాప్‌లోనూ ఇదే సెట్టింగు ఉంటుంది. వెయ్యి సినిమాల లైబ్రరీ ఉంటే కోడి బాగుంటుంది. పెద్దవాళ్లకైతే వీఎల్‌సీయే నయం.

హార్డ్‌డిస్క్ పెడితే "టిక్ టిక్" అని శబ్దం చేస్తూ కనపడకపోతే డిస్కు పాడైందని కంగారు పడకండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. కొన్ని డిస్కులకి అది చాలదు. సొంత అడాప్టరున్న హబ్ మధ్యలో పెడితే నోరు మూసుకుని తిరుగుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు కాపీ కాదు, చోటు ఖాళీగా ఉన్నా సరే. ఇది తెలియక మా బావ ఓ పూట షాపువాడితో గొడవ పడ్డాడు.

అన్నిటికంటే ముఖ్యం ఇది. కొత్తగా డ్రైవ్ పెట్టగానే కొన్ని బాక్సులు, దీన్ని డివైజ్ స్టోరేజ్‌గా వాడుకోనా అని అడుగుతాయి. పొరపాటున కూడా సరే అనకండి. డ్రైవ్ మొత్తం తుడిచేసి తన సొంతం చేసుకుంటుంది. రిమూవబుల్ అన్నదే నొక్కాలి. అదే బావ అది నొక్కి, కొడుకు అన్నప్రాశన ఫొటోలు పోగొట్టుకున్నాడు. అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

మామ్మకి బాక్సు అలవాటవడానికి నాలుగు రోజులు పట్టింది. రిమోట్‌లో ఓటీటీ బటన్లకి తెల్ల ప్లాస్టర్ అంటించాను. అవి తగిలి ఎక్కడికో వెళ్లిపోతుందని. హోమ్ స్క్రీన్‌లో మొదటి గడిలో వీఎల్‌సీ పెట్టాను. దాని గుర్తు రోడ్ల మీద పెట్టే నారింజ కోను కదా, మామ్మ దాన్ని టోపీ అంటుంది. ఎవరొచ్చినా "ఆ టోపీ నొక్కు, మీ తాతయ్య తిడతారు" అని కూర్చోబెడుతుంది.

మీ నాన్నగారి డ్రైవ్‌లో ఏ ఫైళ్లున్నాయో రాయలేదు మీరు. పాత క్యాసెట్లు ఎక్కించే ఆలోచన ఉంటే స్టూడియోలో ముందే చెప్పండి, శబ్దం ఏఏసీ అనే మామూలు పద్ధతిలో ఇమ్మని. మా పిన్ని పెళ్లి క్యాసెట్ ఇచ్చేటప్పుడు నేను చెప్పాను. అతను నా వంక జాలిగా చూసి, "డీటీఎస్ అయితే అదే రేటు సార్, ఎందుకు వదులుకుంటారు?" అన్నాడు.